సైన్యమునకు ఓనమాలు దిద్దించిన స్టూబెను

యుద్ధములను గెలిచిన సేనానుల పేర్లు బాలురకు సైతము కంఠస్థములై యుండును. వారు గెలుచుటకు సాధనములైన భటులను తీర్చిదిద్దినవారి పేర్లు పెద్దలకైనను తెలియుట యరుదు. అమెరికా స్వాతంత్ర్య సమరమనగనే మనకు వాషింగ్టను జ్ఞప్తికి వచ్చును. ఫ్రాంక్లిను, జెఫర్సనులు వత్తురు. ఫ్రాన్సునుండి వచ్చిన యువకుడు లఫాయెత్తు వచ్చును. నాగలి విడిచి వచ్చిన రైతుబిడ్డలకును, అంగడి విడిచి వచ్చిన గుమాస్తాలకును నిలుచుట యెట్లో, నడచుట యెట్లో, తుపాకి తుడుచుట యెట్లో నేర్పి, మూడు నాలుగు మాసములలో వారిని ఇంగ్లండు సైన్యమునకు ఎదురొడ్డి నిలువగలవారినిగా చేసిన ఫ్రెడరిక్ స్టూబెను వీరందరి వెనుక నెక్కడనో నిలిచియుండును. అమెరికాలో అతని పేర ఊళ్లును విగ్రహములును గలవు. మన దేశమున చదువుకొన్నవారిలోను అతని చరిత్ర నెరిగినవారు కొలదిమందియే. సైన్యములో చేరవచ్చినవారిని ఎట్లు ఎంచవలెను, చేరినవారికి ఎట్లు నేర్పవలెను అనునది ప్రతి స్వతంత్ర దేశమునకును తప్పని ప్రశ్న. ఆ ప్రశ్నకు ఆకలిలోను మంచులోను నిలిచి సమాధానము చెప్పిన వాడగుటచే అతని జీవితము మన చదువరులు తెలిసికొనదగినది.

స్టూబెను 1730వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన ప్రష్యా రాజ్యములోని మాగ్డెబర్గున జన్మించెను. తండ్రి సైన్యములో ఇంజనీరు. ఆయన కొంతకాలము రష్యాలో కొలువు చేయుటచే పిల్లవాని బాల్యము కొంత అచ్చట గడచెను. నాటి ప్రష్యా రాజ్యమే యొక పెద్ద పటాలమువంటిది. అప్పటి రాజు మొదటి ఫ్రెడరిక్ విలియమునకు పొడవైన భటులనిన వ్యామోహము మెండు. ఆరడుగుల మనిషి ఏ దేశమున కనబడినను డబ్బిచ్చియో బలవంతముననో తెప్పించి పోట్సుడాములోని తన ప్రత్యేక పటాలములో నిలుపుకొనెడివాడు. భటుని ఎంచుటకు కొలబద్ద యొక్కటి చాలునని నమ్మిన రాజు అతడు. ఆ పొడుగువారి పటాలము చూచువారికి వేడుకయేగాని రాజ్యమునకు బరువు. 1740లో సింహాసనమెక్కిన కుమారుడు రెండవ ఫ్రెడరిక్కు దానిని చాలవరకు రద్దుచేసెను. అయినను ఆ కుమారుని సైన్యములోను సామాన్య భటుడు శత్రువుకంటె తన యధికారి చేతిబెత్తమునకే ఎక్కువగా భయపడుచుండెను. అట్లు భయపడవలెననియే రాజు మతము. యుద్ధమందు ఆ సైన్యము నడచినంత చక్కగ మరియొక సైన్యము నడువలేదన్నమాట నిజమే. అందులోనుండి పారిపోవుటకు దారి వెదకు భటులు అసంఖ్యాకులన్నమాటయు అంతే నిజము. స్టూబెను ఈ రెంటిని దగ్గరనుండి చూచెను.

పదునారు పదునేడేండ్ల ప్రాయముననే అతడు సైన్యములో చేరెను. 1756లో ఏడేండ్ల యుద్ధ మారంభమైనది. 1757లో ప్రాగు యుద్ధమందును, 1759లో కునెర్సుడార్ఫు యుద్ధమందును గాయపడెను. 1761లో రష్యనులకు చిక్కి బందీయై మరుసటి యేడు విడుదల పొందెను. ఆ వెనుక ఫ్రెడరిక్కు రాజు పరివారములో అతనికి స్థానము లభించెను. రాజు కొందరు యువకులగు అధికారులను ఏరుకొని తానే స్వయముగా యుద్ధతంత్రము బోధించుచుండెను. ఆ చిన్న తరగతిలో స్టూబెను ఒకడు. దండు ఎచ్చట దిగవలెను, గింజలు ఎన్నిదినములకు సరిపోవును, బండ్లు ఏ బాటను పోవలెను, హాజరుపట్టీలోని పేర్లకును నిలిచియున్న మనుష్యులకును లెక్క కుదురుచున్నదా అను ఈ పనులన్నియు ప్రష్యాలో ఒక శాస్త్రముగా పెరిగియుండెను. ఇతర దేశములవారు వీనిని గుమాస్తా పనులని చులకన చేసెడివారు. ఈ గుమాస్తా పనులే తరువాత ఒక దేశమును నిలబెట్టినవి.

1763లో సంధి కుదిరినది. శాంతికాలమున రాజునకు అధికారులు అక్కరలేకపోయిరి. స్టూబెను కెప్టెను హోదాలో నుండగా ఉద్యోగమూడినది. 1764 మొదలు హోహెన్జొలెర్ను హెహింగెను అను చిన్న సంస్థానములో రాజగృహ వ్యవహారములను నడుపు దివానుగిరివంటి కొలువు దొరకినది. సంస్థానము పేరుగొప్ప, ఖజానా ఖాళీ. రాజును వెంటబెట్టుకొని అప్పులకై ఫ్రాన్సుకు పోయి రిక్తహస్తములతో తిరిగివచ్చిన సందర్భముకూడ గలదు. దర్బారులో దినములు గడచిపోయెనేగాని స్టూబెనుకు మిగిలినవి ఒక బిరుదపతకమును, కొన్ని అప్పులును మాత్రమే. 1777 నాటికి ఆ కొలువును పోయినది. అతని నడవడినిగూర్చి ఒక యపవాదు ఆ సమయమున లేచినది. అది నిరూపింపబడనూ లేదు, పూర్తిగా అణగనూ లేదు. నలువదియారేండ్ల వయస్సున, పెండ్లియు ఇల్లును లేక, ఋణములతో అతడు పారిసు చేరెను.

అప్పుడు పారిసులో అమెరికా ప్రతినిధిగా బెంజమిను ఫ్రాంక్లిను ఉండెను. ఫ్రెంచి యుద్ధమంత్రి సేంజెర్మాను స్టూబెనుయొక్క సామర్థ్యము నెరిగినవాడు. అతని ప్రోద్బలముననే ఈ బేరము సాగినది. చిక్కు ఒక్కటి యుండెను. అమెరికాకు ఐరోపానుండి సేనాధిపత్యము కోరుచు వచ్చు బిరుదాంకితుల తాకిడి యప్పటికే దుర్భరమై, అచ్చటి కాంగ్రెసు సభవారు విసిగియుండిరి. కొలువులేని ఒక కెప్టెనును వారు గుమ్మమెక్కనిత్తురా? కావున ఫ్రాంక్లిను వాషింగ్టనునకు వ్రాసిన పరిచయలేఖలో స్టూబెను ప్రష్యా రాజుకడ లెఫ్టినెంటు జనరలుగా నుండినట్లు చూపబడెను. ప్రయాణపు ఖర్చును నాటకకర్త బోమార్షే సమకూర్చెను.

ఈ యసత్యమును కప్పిపుచ్చవలసిన పనిలేదు. తరువాత హాజరుపట్టీలలోని దొంగపేర్లను ఏరివేయుటయే వృత్తిగా గైకొన్నవాడు తానే దొంగహోదాతో ఆ సైన్యమున ప్రవేశించెననుట చరిత్రలోని వింతలలో నొకటి. దీనినుండి కొందరు అతడు వట్టి వేషధారియని తేల్చిరి. కొందరు భక్తులు అబద్ధమును నిజముచేయుటకు పాటుపడిరి. మాకు రెండును సరియని తోచదు. ప్రష్యాలో జనరలుగా నుండినవానికంటె అచ్చట కెప్టెనుగా నుండి దండుపనులన్నియు స్వహస్తములతో చేసినవాడే అమెరికాకు కావలసియుండెను. హోదాను చూచి మనుష్యుని ఎంచు పద్ధతిలో అట్టివాడు ఎంపిక కాజాలడు. లోపము ఎంపికపద్ధతిలో నున్నది. ఆ లోపమును ఫ్రాంక్లిను తనకు తెలిసిన అడ్డదారిని దాటెను. అదృష్టవశమున ఆ మారు మేలు జరిగినది. ఇతరులను అట్లే నమ్మినపుడు అమెరికావారు మోసపోయిన సందర్భములును గలవు.

1777 డిసెంబరు 1వ తేదీన స్టూబెను పోర్ట్సుమత్తు రేవున దిగెను. వెంట పదునేడేండ్ల ఫ్రెంచి బాలుడు ద్యుపాన్సో కార్యదర్శిగా వచ్చెను. అజోరను వేటకుక్క యొకటి వచ్చెను. స్టూబెనుకు ఇంగ్లీషు రాదు. కాంగ్రెసువారితో అతడు చేసికొన్న ఒడంబడిక వారిని ఆశ్చర్యపరచినది. తనకు ఇప్పుడు జీతమక్కరలేదనియు, ఖర్చులిచ్చిన చాలుననియు, స్వాతంత్ర్యము లభించినయెడల అప్పుడు తగినది ఇయ్యవచ్చుననియు, లభింపనియెడల తనకు రావలసినది ఏమియు లేదనియు అతడు చెప్పెను. అప్పులవాడు ఇంతటి జూదమాడుట దుస్సాహసమే. 1778 ఫిబ్రవరి 23వ తేదీన అతడు ఫిలడెల్ఫియాకు సమీపముననున్న వ్యాలీ ఫోర్జిలోని వాషింగ్టను దండును చేరెను.

ఆ దండుయొక్క స్థితి వర్ణించుట కష్టము. ఫిలడెల్ఫియా నగరము ఇంగ్లీషువారి వశమైనది. డిసెంబరులో పదునొకండు పండ్రెండు వేలమంది వ్యాలీ ఫోర్జి చేరి కొయ్యదుంగలతో గుడిసెలు వేసికొనిరి. బూట్లులేక కాళ్లకు గుడ్డపీలికలు చుట్టుకొన్నవారును, కంబళి తప్ప బట్టలేనివారును అందుండిరి. ఆరు మాసములలో సుమారు 2,000 మంది వ్యాధులచే మరణించిరి. గమనింపదగిన దేమనగా, ఆ మరణములలో పెక్కు గడ్డుచలి కాలమున గాక మార్చి, ఏప్రిలు, మే మాసములలో సంభవించినవి. చలికంటె మురికి ఎక్కువమందిని చంపినది. చచ్చిన గుర్రములు గుడిసెల నడుమనే కుళ్లుచుండెను. పశువును కోసినచోటనే దాని వ్యర్థములు పడియుండెను. భటుడు ఎచ్చట తోచిన అచ్చటనే మలవిసర్జనము చేయుచుండెను. ఒక్క విషయమున మాత్రము వాషింగ్టను ముందుచూపు కలవాడై యుండెను. మశూచి సోకినవారెవరో, సోకనివారెవరో విచారించి, సోకనివారికి మశూచి రసమునే కొద్దిగా ఎక్కించి కాపాడు పద్ధతిని 1777లోనే సైన్యమంతటను ఆజ్ఞాపించెను. జెన్నరు కనిపెట్టిన గోమశూచి టీకాకు ఇది రెండు దశాబ్దములు ముందటి మాట. ఇట్టి పద్ధతి మన దేశమునను పూర్వమునుండి కొన్నిచోట్ల వాడుకలో నుండెను. వ్యాలీ ఫోర్జిలో వేలకొలది భటులకు అట్లు చేయబడెను. క్రొత్తవానిని దండులో కలుపుటకు ముందు వాని దేహస్థితి విచారింపవలెనను నియమము ఆ సైన్యమునకు తొలుత మశూచియే నేర్పినదనవచ్చును.

స్టూబెను మొట్టమొదట చేసినపని కవాతు కాదు, లెక్కించుట. పటాలమని పేరున్నచోట ముప్పదిమంది, దళమని పేరున్నచోట ఒక్క కార్పొరలు కనబడిరి. ఒకడు మూడు మాసములకు చేరినవాడు, మరియొకడు తొమ్మిది మాసములకు, వేరొకడు మూడేండ్లకు. ప్రతిదినము కొందరు వచ్చుచుండిరి, కొందరు పోవుచుండిరి. పోయినవారి పేర్లు పట్టీలో నిలిచి జీతము తినుచుండెను. అధికారులు భటులను తమ యింటిపనులకు పెట్టుకొని, వారిని యుద్ధభటుల లెక్కలోనే చూపుచుండిరి. ఒక రాష్ట్రములో చేరినందుకు బహుమానధనము పుచ్చుకొని, పారిపోయి, పొరుగు రాష్ట్రములో మరియొకపేర చేరి అచ్చటను పుచ్చుకొను ప్రబుద్ధులు ఉండిరి. తుపాకులు తుప్పుపట్టియుండెను, వానిలో సగమునకు బాయొనెట్టులు లేవు, ఉన్నవానితో భటులు మాంసము కాల్చుకొనుచుండిరి. గడువు తీరి యింటికి పోవు భటుడు తుపాకిని వెంటగొనిపోవుట మామూలై, ఏటేట 5,000 మొదలు 8,000 వరకు క్రొత్త తుపాకులు కావలసివచ్చునని యుద్ధశాఖవారు ముందుగనే లెక్కవేసికొనెడివారట. స్టూబెను తనిఖీ స్థిరపడిన పిదప ఒక యేటి లెక్కలో కొరతపడినవి మూడు తుపాకులు మాత్రమే యని అతడు గర్వముతో చెప్పుకొనెను. గర్వపడదగిన మాటయే. ధనములేని దేశమునకు అది ఒక క్రొత్త పటాలమును సంపాదించుటతో సమానము.

ఇక కవాతు విషయము. అప్పటివరకు ఒక్కొక్క రాష్ట్రపు పటాలము తనకు తోచిన గ్రంథము ననుసరించి కవాతు చేయుచుండెను; కొన్ని ఇంగ్లీషు పద్ధతి, కొన్ని ఫ్రెంచి పద్ధతి, కొన్ని ఏ పద్ధతియు లేనివి. రెండు పటాలములు కలిసి ఒక మలుపు తిరుగవలెననిన గందరగోళమే. నడచునపుడు ఒకని వెనుక ఒకడు చీమలబారువలె పోవుటచే ముందరివాడు యుద్ధరంగము చేరినపుడు వెనుకటివాడు ఇంకను క్రోసు దూరమున నుండెడివాడు. అధికారులు ఇంగ్లీషు దొరల ననుకరించి, క్రొత్తవారికి నేర్పుట సార్జెంట్లపనియని దానివంక కన్నెత్తి చూడకుండిరి.

స్టూబెను సైన్యమంతటిని ఒక్కసారి పట్టలేదు. వాషింగ్టనుయొక్క అంగరక్షక దళమునకు వివిధ పటాలములనుండి ఏరిన 100 మందిని చేర్చి, ఆ చిన్న దళమును మాదిరిగా తీసికొనెను. మార్చి 19వ తేదీన పని యారంభమైనది. జనరలు హోదాతో వచ్చిన పెద్దమనిషి, రొమ్మున బిరుదపతకముతో, తానే తుపాకిని చేతబట్టి, కాలు ఎట్లుంచవలెనో, తల ఎటు త్రిప్పవలెనో సామాన్య భటులకు చూపుచుండగా చుట్టును నిలిచిన అధికారులు నివ్వెరపడిరి. రాత్రి అతడు మరునాటి పాఠమును ఫ్రెంచిలో వ్రాసెడివాడు. ద్యుపాన్సో దానిని ఇంగ్లీషులోనికి మార్చెడివాడు. వాషింగ్టను పరివారములోని హామిల్టను, లారెన్సులు దానిని దిద్దెడివారు. తెల్లవారులోపల పటాలములకు ప్రతులు వ్రాయబడెడివి. పుస్తకము పూర్తియైన పిదప బోధించుటకు వ్యవధి ఎక్కడిది? పాఠమునకు ఒక్కదినము ముందుగా పుస్తకము నడచుచుండెను. మైదానమున ఆజ్ఞ అర్థముగాక వరుస చెదరినపుడు స్టూబెను జర్మనులోను ఫ్రెంచిలోను తిట్లు కురిపించి, అవియు చాలక, తన పక్షమున ఇంగ్లీషులో తిట్టుమని కెప్టెను బెంజమిను వాకరును కోరెడివాడట. భటులు నవ్వుకొనుచుండిరి. నవ్వుచునే నేర్చుకొనిరి. ఆ తిట్లలో ద్వేషము లేదని వారికి రెండవదినముననే తెలిసిపోయినది.

మార్చి 24 నాటికి దండంతయు కవాతులో దిగెను. మాదిరిదళములో నేర్చినవారు తమ పటాలములకు పోయి గురువులైరి. ప్రష్యానుండి వచ్చినవాడైనను అతడు ప్రష్యా కవాతును యథాతథముగా తెచ్చి వారి నెత్తిన రుద్దలేదు. అచ్చట భటునకు ఏండ్లతరబడి నేర్పుదురు. ఇచ్చట వారములే గలవు. కావున ప్రదర్శనమునకు మాత్రమే పనికివచ్చు కదలికలను కొట్టివేసి, తుపాకి నింపుట, కాల్చుట, బాయొనెట్టు పట్టుట, వరుసలో నడచుట, వరుసనుండి యుద్ధపంక్తికి మారుట అనువానినే నిలిపెను. మూడు వరుసలకు మారు రెండు వరుసలే పెట్టెను. పొడుగువారిని వెనుక, పొట్టివారిని ముందు నిలుపుమనెను. ఫ్రెడరిక్కు విలియము బ్రతికియుండిన ఈ యమరికకు మూర్ఛపోయియుండును.

అన్నిటికంటె ముఖ్యమైన మార్పు వేరొకటి. ఐరోపా భటునకు ఆజ్ఞ చాలును. ఈ దేశమువానికి ఆ పని యెందుకు చేయవలెనో మొదట చెప్పవలెను, అప్పుడుగాని చేయడు అని అతడు గ్రహించి, తన ప్రాతస్నేహితునకు వ్రాసిన జాబులో ఆ సంగతి తెలియజేసెను. ఇది అతనికి తొలుత విసుగు పుట్టించియుండవచ్చును. కాని విసుగును ఉపాయముగా మార్చుకొనెను. బెత్తము చూపి నేర్పినవాడు బెత్తము కనబడనిచోట మరచును. కారణము తెలిసికొని నేర్చినవాడు పొగలోను చీకటిలోను తానే చేయును. ఈ సందర్భమున మన తీరపు సంగతి ఒకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. అదే శతాబ్దమున మదరాసులో కుంఫిణీవారు ఐరోపా కవాతు నేర్పిన సిపాయి పటాలములను నిలుపగా, క్లైవుతో బంగాళమునకు పోయిన ఆ పటాలములలోని తెలుగువారినిబట్టి ఉత్తరాదిని కుంఫిణీ సిపాయికే తిలంగా యను పేరు వచ్చెను. నేర్పిన రీతిగా నేర్చుకొనుటలో మనవారు ఎవరికిని తీసిపోలేదు. తాము ఎవరికై, ఎందులకై పోరాడుచున్నారో వారికి చెప్పినవారు మాత్రము లేకపోయిరి.

దండు పరిశుభ్రతకును స్టూబెను కాలములోనే ఒక క్రమము వచ్చినది. గుడిసెలు వరుసలు తీరెను. వంటశాలలు ఒకవైపున, మరుగుదొడ్లు దానికి ఎదురువైపున పల్లమందు ఉండవలెనని నియమింపబడెను. ఈ చిన్నమాట ఎందరి ప్రాణములు కాపాడినదో లెక్కింప సాధ్యముకాదు.

మే 5వ తేదీన కాంగ్రెసు అతనిని మేజరు జనరలు హోదాతో సైన్యమునకు ఇన్‌స్పెక్టరు జనరలుగా నియమించినది. మరునాడు ఫ్రాన్సుతో మైత్రి కుదిరిన శుభవార్తకై దండులో ఉత్సవము జరిగెను. ఆ దినమున వరుస యీ కొననుండి ఆ కొనవరకు ఒకని తరువాత ఒకడు తుపాకి కాల్చుచుపోగా, ఆ మ్రోత ఎచ్చటను తెగక జలపాతమువలె సాగినది. మూడు మాసములక్రింద ఈ భటులే వరుసలో నిలువలేకుండిరి.

పరీక్షకు ఎన్నో దినములు పట్టలేదు. మే 20వ తేదీన బేరెను హిల్లుకడ లఫాయెత్తు సుమారు 2,200 మందితో శత్రువుల నడుమ చిక్కుకొనెను. వెనుకటి పద్ధతిలోనైన ఆ దళము అచ్చటనే అంతరించియుండును. ఇప్పుడు వారు దగ్గరి వరుసలతో, తొక్కిసలాటలేక, ఏటి రేవుదాటి బయటపడిరి. జూను 28వ తేదీన మన్మత్తు యుద్ధములో ముందుదళము నడపిన చార్లెసు లీ వెనుకకు తిరుగగా సైన్యమంతయు చెదరవలసినదే. మండుటెండలో, తరుముకొని వచ్చు శత్రువు ఎదుట, ఆ భటులే మరల నిలిచి వరుసదీరి పోరాడిరి. క్రమశిక్షణ యనునది ఎంతటి వస్తువో హామిల్టనునకు ఆ దినముననే బోధపడెనందురు. 1779 జూలైలో స్టోనీ పాయింటు కోటను రాత్రివేళ తుపాకులలో మందు లేకుండ బాయొనెట్టులతోనే పట్టిన సైన్యము, ఏడాది క్రింద వానితో మాంసము కాల్చుకొన్న సైన్యమే.

1778-79 శీతకాలమున అతడు ఫిలడెల్ఫియాలో కూర్చుండి తన పాఠములను గ్రంథముగా కూర్చెను. కాగితపు కరవుచే దొరకిన నీలికాగితపు అట్టలతో బైండు చేయుటవలన దానికి నీలిపుస్తకమను పేరు వచ్చెను. 1779లో అచ్చయిన ఆ గ్రంథము 1812 యుద్ధకాలమువరకు అమెరికా సైన్యమునకు ఆధారమై యుండెను. అందు మాకు మిక్కిలి విలువైనదిగా తోచునది క్రొత్తభటుల శిక్షణమును గూర్చిన భాగము. నేర్పుటకు అనుభవముతోపాటు ఓర్పు కావలెననియు, ఆ యోర్పు అధికారులందరికి నుండదనియు, కావున ఓర్పుగలవారిని ఏరి వారికే ఆ పని నప్పగింపవలెననియు అతడు విధించెను. ఎంపిక యనగా భటుని ఎంపికయే యని లోకము తలచుచుండగా, గురువుయొక్క ఎంపిక అంతకు ముందు జరుగవలెనని అతడు చెప్పెను. క్రొత్తవానిని మొదట ఒక్కొక్కనిగా పిలిచి, సామగ్రి తొడుగుకొనుట, నిలుచుట నేర్పిన పిదపనే నడక. నడక కుదిరిన పిదపనే తుపాకి. మామూలు నడక నిమిషమునకు 75 అడుగులు, త్వరితమైనది 120. కెప్టెనునకు ప్రథమధర్మము తన భటుల ప్రేమను చూరగొనుట. ప్రతివాని పేరును, స్వభావమును ఎరిగియుండుట. వ్యాధిగ్రస్తుని పోయి చూచి వానికి లోటులేకుండ విచారించుట. తనిఖీకి వచ్చినపుడు స్టూబెను తుపాకిని, తూటాల సంచిని, వీపుసంచిని ఒక్కొక్కటిగా చూచెడివాడు. తరువాత వైద్యుని పిలిచి రోగుల పట్టీ తెమ్మనెడివాడు.

అతని మనస్సునుగూర్చి చెప్పుకొను కథలు చాల గలవు. ఒకనాడు వరుసలో జరిగిన తప్పునకు ఒక చిన్న అధికారిని నిర్బంధింపజేసి, పిమ్మట ఆ తప్పు అతనిది కాదని తెలియగనే పటాలమందరి యెదుట, వాన కురియుచుండగా టోపీ తీసి క్షమాపణ వేడెనట. వ్యాలీ ఫోర్జిలో తన బసలో చిన్న అధికారులకు విందుచేసి, చిరుగులులేని లాగు తొడిగినవానికి ప్రవేశము లేదని నియమము పెట్టెనట. దారిద్ర్యమును సిగ్గుగా గాక వేడుకగా మార్చిన ఆ రాత్రి విందు, బహుశః ఒక నెలజీతముకంటె వారికి ఎక్కువ బలమిచ్చియుండును.

1780 చివర అతడు వర్జీనియాకు పంపబడెను. అచ్చట అతనికి కీర్తి రాలేదు. దక్షిణ సైన్యమునకు భటులను సమకూర్చుట అతని పని. రాష్ట్రమువారు పంపవలసిన సంఖ్యలో సగమును రారు, వచ్చినవారికి బట్టలుండవు, కొందరు తమకు మారుగా జీతముపై ఎవరినో పంపుదురు. ఇచ్చటి కథయొకటి ప్రసిద్ధము. ఒక కల్నలు తన వంతు మనిషియని ఒకనిని తెచ్చెను. చూడగా వాడు పసివాడు. పొడుగుగా కనబడుటకు బూట్లలో ఏదో దట్టించియుండిరి. స్టూబెను ఆ బాలుని తలనిమిరి యింటికి పొమ్మని, ఆ కల్నలునే భటునిగా పట్టీలో నెక్కింపజేసెనట. కథలో కొంత కల్పన యుండవచ్చును. ఆ కాలపు రోగమును మాత్రము అది సరిగనే చూపుచున్నది. పెద్దమనుష్యులు తమ బిడ్డలను దాచుకొని బీదవాని బిడ్డను ముందుకు త్రోయుట ఆ దేశమునకే ప్రత్యేకమైన దోషము కాదు. గవర్నరు జెఫర్సనుతో స్టూబెనుకు పొసగలేదు. 1781 జూనులో పాయింట్ ఆఫ్ ఫోర్కుకడ తక్కువ బలముతో వచ్చిన శత్రువును పెద్దసైన్యమని భ్రమించి, సామగ్రిని విడిచి వెనుకకు మరలెను. శాసనసభవారు విచారణ జరుపవలెననిరి. బోధకుడుగా నున్నంతటి దక్షుడు స్వతంత్ర సేనానిగా కాలేకపోయెనని అంగీకరింపక తప్పదు.

ఆ యేటి అక్టోబరులోనే యార్కుటౌనులో ఆ యపకీర్తి తుడిచిపెట్టబడెను. ముట్టడి యుద్ధములో అనుభవముగల అతి కొద్దిమందిలో ఒకడగుటచే అతనికి ఒక డివిజను నప్పగించిరి. శత్రువు సంధికై డప్పు మ్రోగించిన దినమున కందకములలో వంతు అతనిదే. వంతు మారుటకు లఫాయెత్తు వచ్చినను, ఐరోపా మర్యాదప్రకారము సంధిమాటలు ముగియువరకు చోటు తనదేయని అతడు కదలలేదు. అచ్చట ఓడిన కారన్‌వాలిసు ప్రభువే 1786లో మన దేశమునకు గవర్నరు జనరలుగా వచ్చి, టిప్పుసుల్తానుతో పోరాడి, 1793లో బంగాళమున శాశ్వత శిస్తు నిర్ణయము చేసెను. ఆ నిర్ణయమే తరువాత మన ఉత్తర సర్కారుల జమీందారులను చుట్టుకొన్నది. యార్కుటౌనున అతనికి ఎదురునిలిచినవారిలో ఈ కవాతు పంతులు ఒకడని మన పాఠకులలో భూస్వాములైనవారు గుర్తించిన వేడుకగా నుండును.

1783 డిసెంబరు 23వ తేదీన సేనాధిపత్యమును విడుచుచు వాషింగ్టను వ్రాసిన కడపటి అధికారలేఖ స్టూబెనుకే. ఇంతకంటె గొప్ప గౌరవము అతడు పొందలేదు. 1784లో సైన్యమును వీడి అమెరికా పౌరుడయ్యెను. శాంతికాలమున దేశమునకు చిన్న సైన్యమును, పౌరులకు క్రమమైన శిక్షణమును ఉండవలెనని అదే యేట ఒక ప్రణాళిక ప్రకటించెను. యుద్ధపు ఖర్చునకు బెదరియున్న సభవారు దానిని చెవినిడలేదు. జీతములేకుండ చేరినవానికి తగినది ఇచ్చుటకు అదే సభకు ఏడేండ్లు పట్టినది. 1790లో ఏటికి 2,500 డాలర్ల భరణము మంజూరైనది. న్యూయార్కు రాష్ట్రము 16,000 ఎకరముల అడవిభూమి నిచ్చెను. ఇతరుల తుపాకులలో మూడు తగ్గినను కనిపెట్టగలిగిన అతడు తన చేతిడబ్బు ఎట్లు పోవుచుండెనో ఎన్నడును కనిపెట్టలేదు. వచ్చిన ప్రాతభటునకు లేదనకుండ ఇచ్చెడివాడు. లేనప్పుడు అప్పుచేసి ఇచ్చెడివాడు.

కడపటి యేండ్లు ఆ యడవిభూమిలో దుంగల యింటిలో గడపి, 1794 నవంబరు 28వ తేదీన మరణించెను. అతని ప్రాత సైనికాంగీ కప్పి, రొమ్మున బిరుదపతకముతోనే పాతిపెట్టిరి. సంతానము లేనందున ఆస్తిని తనకడ సహాయకులుగా నుండిన విలియము నార్తునకును, బెంజమిను వాకరునకును వ్రాసియుంచెను. కొన్నియేండ్లకు ఆ సమాధిమీదుగా బాట వేయగా, అస్థికలను తీయించి దగ్గరి వనములో మరల సమాధిచేయించినవాడు ఈ వాకరే. వ్యాలీ ఫోర్జి మైదానమున అతని తిట్లను ఇంగ్లీషులోనికి మార్చిన కెప్టెను.